గుండెలో రంధ్రం ఉన్న పాపకు జలుబు చేసింది: ఇంట్లో ఏం గమనించాలి, ఎప్పుడు బయలుదేరాలి?

కూకట్‌పల్లి అమ్మ | ఆగస్టు 9, రాత్రి 9:20

మా పాపకు నాలుగు నెలలు నిండాయి. బరువు 4 కిలోల 200 గ్రాములే. గుండె కింది రెండు గదుల మధ్య పెద్ద రంధ్రం ఉంది, వీఎస్‌డీ అంటున్నారు. టీకాకు తీసుకెళ్లినప్పుడు, పాలు తాగుతుంటే నుదురంతా చెమట పడుతోందని చెబితే అక్కడి డాక్టరు గారు స్టెతస్కోపు పెట్టి విని ఎకో (గుండె స్కాన్) చేయించమన్నారు. అప్పటినుంచి ఒంట్లో ఎక్కువైన నీరు మూత్రంలో పోవడానికి లాసిక్స్, గుండె మీద భారం తగ్గడానికి ఎనలాప్రిల్ వాడుతున్నాం. ఈ నెలాఖరుకు ఆపరేషన్ తేదీ ఇచ్చారు.

మా పెద్దవాడు ఒకటో తరగతి. బడి నుంచి జలుబు తెచ్చుకున్నాడు. నిన్నటి నుంచి పాపకూ ముక్కు దిబ్బడ, దగ్గు. జ్వరం లేదు. పాలు మాత్రం తగ్గాయి, మధ్యమధ్యలో రొమ్ము వదిలేసి ఊపిరి తీసుకుంటోంది. మా అత్తగారు సాంబ్రాణి పొగ వేసి, వాము మూటతో కాపడం పెడదామంటున్నారు. మావారు పొద్దున్న చూద్దామంటున్నారు. రాత్రికి ఆగవచ్చా? ఆపరేషన్ తేదీ పోతుందేమోనని కూడా భయంగా ఉంది.

పిల్లల ఐసీయూ నర్సు | రాత్రి 9:35

అమ్మా, ముందు ఒక పని చేయండి, మిగతావి తర్వాత. పాప నిద్రలో ఉన్నప్పుడో, ఏడవకుండా పడుకున్నప్పుడో చొక్కా పైకి ఎత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో ఫోనులో గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించవద్దు. పసిపిల్లల ఊపిరి ఒకే లయలో నడవదు, కాసేపు గబగబా, కాసేపు నెమ్మదిగా పోతుంది.

రెండు నెలల లోపు పిల్లలకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు వారికి 50, ఆపైన ఉంటే వేగంగా పీలుస్తున్నట్టు లెక్క. కానీ పెద్ద రంధ్రం ఉన్న పిల్లలు బాగున్న రోజున కూడా ఈ అంకెకు దగ్గర్లోనే ఉంటారు. అందుకే మీ పాప మామూలు అంకె ఎంతో మీకు తెలిసి ఉండాలి. దానికన్నా ఎంత పెరిగిందన్నది ముఖ్యం.

లెక్కపెడుతూనే డొక్కలు చూడండి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోందా, ముక్కుపుటాలు అదురుతున్నాయా, ఊపిరి వదిలేటప్పుడు సన్నగా మూలుగుతోందా, తల ఊపిరితో పాటు ఊగుతోందా? రాసి పెట్టండి.

కూకట్‌పల్లి అమ్మ | రాత్రి 9:58

నిద్రపోతోంది. రెండుసార్లు లెక్కపెట్టాను: 62, 64. పోయిన వారం చెకప్‌లో 50 అన్నారు. డొక్కలు కొద్దిగా ఎగరేస్తోంది. మూలుగు లేదు. పెదవులు మామూలు రంగులోనే ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి ఒక్కసారే మూత్రం పోసింది.

పిల్లల ఐసీయూ నర్సు | రాత్రి 10:02

అయితే పొద్దుటిదాకా ఆగవద్దు. మామూలు కన్నా ఊపిరి అంత పెరగడం, డొక్కలు ఎగరేయడం, పాలు తగ్గడం, మూత్రం తగ్గడం, నాలుగూ కలిసి కనిపిస్తున్నాయి. ఇప్పుడే బయలుదేరండి. పిల్లల ఐసీయూ ఉన్నచోటికి వెళ్లండి, వీలైతే గుండె చూపించుకుంటున్న ఆసుపత్రికే. దారిలో ఆయాసం పెరుగుతుందనిపిస్తే సొంత బండి వద్దు, 108కి ఫోను చేయండి, అందులో ఆక్సిజన్ ఉంటుంది.

సంచిలో ఎకో రిపోర్టు, మందుల చీటీ, చివరిసారి తూచిన బరువు, ఆఖరి మోతాదు ఏ వేళకు వేశారో రాసిన కాగితం పెట్టుకోండి. గుమ్మం దగ్గరే మొదటి మాటగా చెప్పండి: "పాపకు గుండెలో పెద్ద రంధ్రం ఉంది." అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకు జలుబు, దగ్గు అని మాత్రమే చెబితే మామూలు బ్రాంకియోలైటిస్ (చిన్న శ్వాసనాళాల వాపు) బిడ్డలాగే చూస్తారు. గుండె సంగతి తెలిస్తే సెలైన్ ఎంత ఎక్కించాలి, ఆక్సిజన్ ఎంత పెట్టాలి అన్నవే మారిపోతాయి.

వరంగల్ నాన్న | రాత్రి 10:20

అక్కా, వెళ్లండి, ఆలోచించవద్దు. మా అమ్మాయిది వేరే జబ్బు, టెట్రాలజీ: రంధ్రంతో పాటు ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు, అందుకే ఒళ్లు నీలంగా ఉంటుంది. మాకు కూడా గుండె డాక్టరు గారు ఒక మాట గట్టిగా చెప్పారు: బాగున్న రోజున పాప ఆక్సిజన్ శాతం ఎంత ఉంటుందో ఇంట్లో అందరికీ నోటికి వచ్చి ఉండాలని. మా పాపకు అప్పట్లో 80 దాటేది కాదు. కొత్త ఆసుపత్రిలో ఆ అంకె చూసి కంగారుపడి 98కి తేవాలని చూస్తారు. నీలంగా ఉండే పిల్లలకు ఆ లక్ష్యం వేరు. మీ పాపది ఎంతో ఫైల్లో ఉంటుంది, చూసుకోండి.

పెద్దల వేలికి పెట్టే ఆక్సీమీటర్ పసిపిల్లల వేలికి సరిగ్గా పట్టదు. దాని అంకె చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

సికింద్రాబాద్ పిల్లల డాక్టరు | ఆగస్టు 10, ఉదయం 6:45

ఇప్పుడే చూశాను. నర్సమ్మ గారు చెప్పిందంతా సరైనది. పాప ఆసుపత్రికి చేరే ఉంటుందని ఆశిస్తున్నాను. ఇదే స్థితిలో ఉన్న మిగతా తల్లిదండ్రుల కోసం, ఈ పిల్లలకు జలుబు ఎందుకు ఇంత ప్రమాదమో రాస్తాను. కారణం అర్థమైతే ఇంట్లో వాదనలు తగ్గుతాయి.

పుట్టినప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుతుగా ఉంటాయి. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అవి వదులవుతాయి. అప్పుడు గుండె ఎడమ వైపు నుంచి రక్తం రంధ్రం గుండా కుడి వైపుకు, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి ఎక్కువెక్కువగా వెళ్లడం మొదలవుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు చక్కగా ఉన్న బిడ్డ రెండో నెలలో ఆయాసపడటం అందుకే. ఊపిరితిత్తులు ఎప్పుడూ తేమతో బరువెక్కి ఉంటాయి. తాగిన పాల శక్తిలో పెద్ద వాటా ఊపిరి పీల్చడానికే ఖర్చవుతుంది, బరువు పెరగరు. కొందరిలో ఉబ్బిన గుండె, లావెక్కిన పుపుస ధమని (ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళం) ఎడమ వైపు శ్వాసనాళాన్ని నొక్కుతాయి, అక్కడ కఫం నిలిచిపోతుంది.

దీని మీద వైరస్ వచ్చి పడుతుంది. ఎక్కువగా ఆర్‌ఎస్‌వీ. 1956లో చింపాంజీల్లో కనుగొన్నారు, మరుసటి ఏడాదే జబ్బుపడిన పసిపిల్లల్లోనూ అదే దొరికింది. రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఒకసారైనా సోకుతుంది. మనవైపు వానకాలం నుంచి చలికాలం దాకా దీని కాలం. పెద్దల్లో ముక్కు కారి పోతుంది. పసిపిల్లల్లో దారం లాంటి చిట్టచివరి శ్వాసనాళాలు వాచి మూసుకుంటాయి. ఆక్సిజన్ తగ్గగానే ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కుడి వైపు మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఈ భారం మోసే ఓపిక మిగిలి ఉంటుంది. ఈ పిల్లలు అప్పటికే తమ శక్తినంతా వాడేస్తున్నారు. సాధారణంగా మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్య జబ్బు ముదురుతుంది. కాబట్టి "మొదటి రోజు బాగానే ఉందిగా" అన్న మాటను నమ్ముకోకూడదు. రెండు నెలల లోపు వాళ్లలో దగ్గు కూడా లేకుండా ఊపిరి ఆగిపోవడమే మొదటి లక్షణం కావచ్చు.

ఇంకో మాట. పదేపదే నెమ్ము చేస్తున్న, బరువు పెరగని ప్రతి బిడ్డ గుండెనూ ఒకసారి ఎకోతో చూడాలి. రంధ్రం ఉందని తెలియక ప్రతిసారీ యాంటీబయాటిక్ వాడుతూ నెలలు గడిపిన పిల్లలను నేను చూస్తూనే ఉన్నాను. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

నల్లగొండ అమ్మమ్మ | ఉదయం 8:10

తల్లీ, పాప ఎలా ఉందో చెప్పు. నా మనవడికీ రంధ్రమే, ఆపరేషన్ అయి ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. మీ అత్తగారి మాట మీద నాకు కోపం లేదు, నేనూ నా పిల్లలకు సాంబ్రాణి వేసినదాన్నే. కానీ ఊపిరి చాలని బిడ్డకు పొగ విషం. వాడికి రంధ్రం అని తెలిసిన రోజే మా ఇంట్లో సాంబ్రాణి, అగరొత్తులు, దోమల చక్రం, మావాళ్ల బీడీలు అన్నీ ఆపించాను. స్నానం చేయించే ఆమె ముక్కులో ఆముదం చుక్క వేసి నోటితో ఊదబోతే చేయి పట్టుకున్నాను. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే వేరే నెమ్ము అవుతుందని డాక్టరమ్మ చెప్పింది.

పెద్దవాళ్ల పద్ధతుల్లో పనికొచ్చేవీ ఉన్నాయి. పురిటి ఇంటికి బయటివాళ్లు రాకూడదనేవారు. వచ్చినవాళ్లు వాకిట్లో కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. బాలింత పక్కన ఎవరు పడితే వాళ్లు కూర్చోకూడదు. ఇప్పుడు బారసాల పేరిట వందమందిని పిలిచి, బిడ్డను చేతులు మార్చి మార్చి ముద్దులు పెట్టిస్తున్నారు. మీ అత్తగారికి ఆ పాత పద్ధతి గుర్తు చేయి, తప్పకుండా ఒప్పుకుంటుంది. పెద్దదాన్ని, నా మాటగా చెప్పు.

మణికొండ తల్లి | ఉదయం 8:50

అమ్మమ్మ గారూ, ఈ మాటలు మా అత్తగారికి చదివి వినిపిస్తాను. డాక్టరు గారికి ఒక ప్రశ్న. మా బాబుకు పీడీఏ ఉంది, అంటే గుండె దగ్గరి రెండు పెద్ద రక్తనాళాల మధ్య పుట్టాక మూసుకోవలసిన దారి మూసుకోలేదు. పిల్లికూతలు వచ్చినప్పుడల్లా పక్కింటివాళ్లు నెబ్యులైజర్ ఇస్తామంటారు. దగ్గు మందు కూడా మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తున్నారు. వాడవచ్చా?

సికింద్రాబాద్ పిల్లల డాక్టరు | ఉదయం 9:30

రెండూ సొంతంగా వద్దు. బ్రాంకియోలైటిస్‌లో నెబ్యులైజర్‌లో వేసే సాల్బ్యుటమాల్ పెద్దగా పనిచేయదు, పైగా గుండె వేగాన్ని పెంచుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరినా పిల్లికూతలే వస్తాయి, అప్పుడు కావలసింది లాసిక్స్ మోతాదు సరిచూడటం. స్టెతస్కోపుతో వినకుండా ఈ రెండిట్లో ఏదో తేల్చలేం.

దగ్గు మందుల విషయం ఇంకా గట్టిగా చెబుతాను. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడవద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో హెచ్చరించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథైలిన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు మందు తాగి ఎందరో చిన్నపిల్లలు చనిపోయారు. పసిబిడ్డకు ఇంట్లో చేయదగినది ఇంతే: పాలకు ముందు ముక్కులో సెలైన్ చుక్కలు, ఒక్కోసారి తక్కువ పాలు ఎక్కువసార్లు, తల ఎత్తుగా ఉండేలా ఎత్తుకోవడం. జ్వరం వస్తే బరువును బట్టి పారాసిటమాల్. గుండె మందులు మీ అంతట మీరు ఆపవద్దు. వాంతులు, విరేచనాలు మొదలైతే మాత్రం లాసిక్స్ తర్వాతి మోతాదుకు ముందే ఫోను చేసి అడగండి.

వరంగల్ నాన్న | ఉదయం 10:05

షంట్ (ఊపిరితిత్తులకు రక్తం అందించే చిన్న గొట్టం) వేసిన పిల్లల తల్లిదండ్రులు ఇంకో సంగతి చూసుకోవాలి. మా పాపకు మొదట షంట్ వేసి ఆస్పిరిన్ ఇచ్చారు. జ్వరం, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే షంట్‌లో రక్తం గడ్డకట్టవచ్చని, ఒక పూట కూడా ఆలస్యం చేయవద్దని చెప్పారు. ఆస్పిరిన్ మీద ఉన్న బిడ్డకు ఫ్లూ గానీ అమ్మవారు గానీ వస్తే మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ ముప్పు ఉందట, అప్పుడూ వెంటనే డాక్టరుకు చెప్పాలి. టెట్రాలజీ పిల్లలు ఏడ్చి ఏడ్చి ఒక్కసారిగా నల్లబడితే మోకాళ్లు ఛాతీకి ఆనించి ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి.

కూకట్‌పల్లి అమ్మ | ఆగస్టు 10, సాయంత్రం 5:30

అందరికీ దండాలు. రాత్రి 108లోనే వెళ్లాం. దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌కు ఫోను చేస్తే పిల్లల ఐసీయూ లేదన్నారు, నేరుగా పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు. గుమ్మంలోనే రంధ్రం సంగతి చెప్పాను, ఎకో కాగితం చేతిలో పెట్టాను. డాక్టరమ్మ అది చూసి సెలైన్ తగ్గించి రాసింది. ముక్కుకు గొట్టం పెట్టి వెచ్చటి ఆక్సిజన్ గాలి వేగంగా ఇస్తున్నారు. పాలు ముక్కు గొట్టం ద్వారా పడుతున్నారు, నేను పిండి ఇస్తున్నాను. పరీక్షలో ఆర్‌ఎస్‌వీ అని వచ్చింది. వెంటిలేటర్ అక్కర్లేకపోవచ్చు అన్నారు.

ఆపరేషన్ మాత్రం వాయిదా అన్నారు. నెల, నెలన్నర ఆగాలట. ఆ రంధ్రం మూస్తే కదా ఈ జబ్బులు రాకుండా ఉంటాయి, మళ్లీ ఈలోపే వస్తే ఎలా అని ఏడుపు వస్తోంది.

ఉప్పల్ నాన్న | సాయంత్రం 6:15

అక్కా, మీ బాధ నాకు తెలుసు. కానీ అందరికీ వాయిదా పడదు. మా బాబుకు న్యుమోనియా వచ్చి వెంటిలేటర్ మీద పెట్టారు. ఎన్నిసార్లు తీయబోయినా ఊపిరి నిలవలేదు. చివరికి రంధ్రం మూస్తే తప్ప వెంటిలేటర్ నుంచి బయటపడడని ఆ స్థితిలోనే ఆపరేషన్ చేశారు. బతికాడు. మీరూ గట్టిగా అడగండి.

సికింద్రాబాద్ పిల్లల డాక్టరు | రాత్రి 8:00

ఉప్పల్ నాన్న గారూ, మీ బాబు విషయంలో వైద్యులు సరైన నిర్ణయమే తీసుకున్నారు. అక్కడ ఆగడమే ఎక్కువ ప్రమాదం. ఈ పాప పరిస్థితి వేరు, ఆక్సిజన్‌తో కోలుకుంటోంది. ఆర్‌ఎస్‌వీ తగ్గినట్టు కనిపించినా శ్వాసనాళాల వాపు కొన్ని వారాలు ఉంటుంది. ఆ సమయంలో గుండెను ఆపి యంత్రం మీద రక్తాన్ని నడిపితే, తర్వాత ఊపిరితిత్తుల రక్తనాళాలు ఒక్కసారిగా బిగుసుకునే ముప్పు ఎక్కువ. సర్జన్లు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుదామనేది అందుకే. కానీ అమ్మా, ఇది గుర్తుంచుకోండి: వాయిదా అంటే కొత్త తేదీ కాగితం మీద ఉండాలి. ఇంటికి పంపేటప్పుడు "తగ్గాక రండి" అంటే ఒప్పుకోవద్దు, తేదీ అడిగి రాయించుకోండి. పెద్ద రంధ్రాన్ని మరీ ఎక్కువ కాలం వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు శాశ్వతంగా గట్టిపడతాయి, ఆ తర్వాత మూసే అవకాశమే పోతుంది.

పిల్లల ఐసీయూ నర్సు | రాత్రి 8:25

ఆరోగ్యశ్రీలో అనుమతి వచ్చి ఉంటే, తేదీ మారినందుకు మళ్లీ తీసుకోవాలా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను రేపే అడగండి. చివరి రోజున ఈ కాగితం కోసం ఆగిపోయిన కుటుంబాలను చూశాను. డబ్బు గురించి భయపడే వేరే తల్లిదండ్రులు ఎవరైనా చదువుతుంటే: పసిపిల్లల అత్యవసరానికి హైదరాబాద్‌లో నిలోఫర్ ఆసుపత్రి ఉంది, పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల ఆపరేషన్లు నిమ్స్‌లో చేస్తున్నారు, సిద్దిపేట జిల్లా కొండపాకలోని సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో పిల్లల గుండె వైద్యం పూర్తిగా ఉచితం. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి పది లక్షలు.

మణికొండ తల్లి | రాత్రి 9:10

డాక్టరు గారూ, ఆర్‌ఎస్‌వీ రాకుండా ఇంజెక్షన్ ఉందని విదేశంలో ఉన్న మా చెల్లెలు చెబుతోంది. టీకాయేనా?

సికింద్రాబాద్ పిల్లల డాక్టరు | రాత్రి 9:45

టీకా కాదు, తయారుగా ఉన్న యాంటీబాడీనే ఒంట్లోకి ఇస్తారు. పాలివిజుమాబ్ 1998లో అమెరికాలో అనుమతి పొందింది. కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆ వైరస్ కాలమంతా నెలకొకటి వేయాలి. తీవ్రమైన గుండె జబ్బు ఉన్న 1,287 మంది చిన్నపిల్లల మీద చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. ఆర్‌ఎస్‌వీతో ఆసుపత్రిలో చేరిన వారి శాతం 9.7 నుంచి 5.3కి తగ్గింది. గుండె ఆపరేషన్‌లో యంత్రం మీద పెట్టినప్పుడు రక్తంలో ఆ మందు సగానికి పైగా పడిపోయిందనీ అందులోనే తేలింది, అందుకే ఆపరేషన్ తర్వాత ఇంకో మోతాదు వేస్తారు. తర్వాత వచ్చిన నిర్సెవిమాబ్ ఒక్క ఇంజెక్షన్‌తో ఆ కాలమంతా కాపాడుతుంది; యూరప్‌లో 2022లో, అమెరికాలో 2023లో అనుమతించారు. గర్భిణికి వేసి పుట్టబోయే బిడ్డను కాపాడే టీకా కూడా 2023లో వచ్చింది. మీ బాబుకు అవసరమా, ఇక్కడ దొరుకుతుందా, ఖర్చెంత అన్నవి మీ గుండె డాక్టరుతో కూర్చుని మాట్లాడండి.

ఈలోపు ఉచితంగా దొరికేవి ఏవీ వదలవద్దు. ప్రభుత్వ టీకాల్లోనే న్యుమోకాకల్ టీకా ఆరు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో ఉంది. పెంటావాలెంట్ టీకాలో హిబ్ (నెమ్ము తెచ్చే ఒక బాక్టీరియా), కోరింత దగ్గు రెండిటికీ రక్షణ ఉంది. గుండె జబ్బు ఉందని ఎవరైనా టీకా వాయిదా వేస్తే, ఎందుకని అడగండి. ఆరు నెలలు నిండాక ఫ్లూ టీకా, మొదటి ఏడాది నెల తేడాతో రెండు మోతాదులు. అంతకన్నా చిన్న బిడ్డ ఉన్న ఇంట్లో మిగతా అందరూ ఫ్లూ టీకా వేయించుకోవాలి.

నల్లగొండ అమ్మమ్మ | ఆగస్టు 11, ఉదయం 7:00

పెద్దవాడిని గురించి ఎవరూ రాయలేదు. వాడి వల్లే చెల్లికి జబ్బు వచ్చిందని ఇంట్లో ఎవరూ వాడి ముందు అనవద్దు. ఆరేళ్ల పిల్లవాడు, మనసులో పెట్టుకుంటాడు. బడి నుంచి రాగానే చేతులు కడిగి, చొక్కా మార్చి, అప్పుడు చెల్లి దగ్గరికి రమ్మని నేర్పితే చాలు. జలుబు చేసిన రోజున వేరే గదిలో తాతయ్య దగ్గర పడుకోబెట్టండి.

కూకట్‌పల్లి అమ్మ | ఆగస్టు 17, మధ్యాహ్నం 1:15

ఇంటికి వచ్చాం. ఆక్సిజన్ తీసేశాక కూడా బాగా ఉంది. నిద్రలో లెక్కపెట్టాను, 50. పాలు కొంచెం కొంచెంగా మళ్లీ నేరుగా తాగుతోంది. ఆపరేషన్ కొత్త తేదీ సెప్టెంబరు చివరి వారం, కాగితం మీద రాయించుకున్నాను. ఆరోగ్యమిత్ర అనుమతి సంగతి చూస్తానన్నారు. అత్తగారు సాంబ్రాణి గిన్నె అటక మీద పెట్టించారు, వచ్చిన వాళ్లను వాకిట్లోంచే పలకరించి పంపుతున్నారు. పెద్దవాడికి, మాకు ఫ్లూ టీకా రేపు.

ఒక్క సందేహం. ఆపరేషన్‌లో రక్తం ఎక్కిస్తారు కదా, తొమ్మిదో నెల తట్టు టీకాకు ఇబ్బంది ఉంటుందా?

సికింద్రాబాద్ పిల్లల డాక్టరు | మధ్యాహ్నం 2:40

చాలా సంతోషం. రక్తం, ప్లాస్మా ద్వారా వచ్చే యాంటీబాడీలు తట్టు టీకాను పనిచేయనివ్వవు, అందుకని ఆ ఒక్కదాన్ని కొన్ని నెలలు జరపవలసి రావచ్చు. డిశ్చార్జి కాగితంలో ఏ తేదీన ఏం ఎక్కించారో రాయించుకుని టీకా కార్డుకు జత చేయండి. న్యుమోకాకల్ బూస్టర్‌కు ఆ అడ్డు లేదు, దాన్ని తొమ్మిదో నెలలోనే వేయించండి. ఆపరేషన్‌కు ముందు వారంలో ఇంట్లో ఎవరికి ముక్కు కారినా, పాపకు ఏమీ లేకపోయినా, సర్జన్ గారి ఆఫీసుకు ముందే ఫోను చేసి చెప్పండి.